పల్లీలు చెప్పిన అబద్ధం

ఆ వీధిలో ఊరి జట్టు గోలు కొట్టినప్పుడల్లా కేక రెండుసార్లు లేచేది. మొదటిది వీధంతా కలిసి వేసే కేక. రెండోది, అందరూ ఆ సంగతి మరిచిపోయి వంటపనుల్లో పడ్డాక, బస్సు డ్రైవరు ఇంట్లోంచి వచ్చేది. అది వినపడగానే ఇరుగుపొరుగువాళ్లు, "డ్రైవరుగారింట్లో ఇప్పుడు పడిందమ్మా గోలు" అని నవ్వుకునేవారు.

నవ్వితే నవ్వారు గాని, దానికో కారణం ఉంది. ఫుట్‌బాల్ ఆటలు శనివారం మధ్యాహ్నం, డ్రైవరు డ్యూటీ కూడా శనివారం మధ్యాహ్నమే. కొన్నేళ్ల కిందట ఊరి జట్టు ఫైనల్‌కి వెళ్లింది. ఆయన ఆటను టీవీలో రికార్డు పెట్టించుకుని, ఇంటికెళ్లి తీరిగ్గా చూద్దామని ఉవ్విళ్లూరుతూ బస్సు తోలుతున్నాడు. ఆఖరి స్టాపులో దిగుతూ ఒక పెద్దమనిషి ఆయన భుజం తట్టి, "మనవాళ్లు ఓడిపోయారు నాయనా, పెనాల్టీల్లో" అని చెప్పి, ఏదో మేలు చేసినవాడిలా వెళ్లిపోయాడు. ఆ పూట డ్రైవరు భోజనం ముట్టలేదు. ఓడినందుకు కాదు, ఆ పెద్దమనిషి చెప్పినందుకు.

అప్పటినుంచి ఆ ఇంట్లో ఒక కట్టడి. ఆట ఉన్న రోజున ఫోన్లన్నీ బీరువాలోకి పోవాలి. కిటికీలు మూసెయ్యాలి. అందరూ చెవుల్లో దూది పెట్టుకోవాలి. ఆయన వచ్చి, స్నానం చేసి, సోఫాలో తన మూల కూర్చుని, చేతికి పళ్లెం అందాక గాని టీవీ మోగకూడదు. డిపోలో ఆయన్ని "నిన్నటి పేపరు" అని పిలిచేవారు. పిలిచినా సహకరించేవారు. ఆయన బస్సు కండక్టరైతే మరీను. ఎక్కేవాళ్లు ఆట ఊసెత్తితే చాలు, టిక్కెట్టిచ్చే చేతిని పెదాల మీద పెట్టి, డ్రైవరు వైపు సైగ చేసి, ఆ సీట్లో ఎవరో జబ్బుమనిషి ఉన్నట్టు తల అడ్డంగా ఊపేవాడు.

ఇంట్లో డ్రైవరు, ఆయన భార్య, తల్లి, పెళ్లి కావలసిన చెల్లెలు. చెల్లెలు దర్జీ దుకాణంలో కుట్టుపని చేస్తుంది. నలుగురిలో మాట దాచడంలో డ్రైవరు భార్యకు సాటి లేదు. అలాగని ఆమె అనుకునేది. ఎందుకంటే ప్రతి ఆట ఫలితం ఆమెకు ముందే తెలుసు, ఒక్కసారి కూడా నోరు జారలేదు.

ఎలా తెలుసంటే, వంటింటి కిటికీ సరిగ్గా సెలూన్‌కి ఎదురుగా ఉంది. మిగతా గదుల కిటికీలు మూసినా వంటింట్లో పొగ పోవాలిగా, ఆ ఒక్కటీ తెరిచే ఉండేది. సెలూన్ ఆయన ఆట రోజున దుకాణం ముందు నీలం జెండా కట్టేవాడు. గెలిస్తే రాత్రి దాకా అలాగే ఉంచేవాడు. డ్రా అయితే జెండా ఉండేది గాని, ఆయన లోపల గిరాకీలు కూర్చునే కుర్చీలో కూర్చుని అద్దంలో తన మొహం తనే చూసుకునేవాడు. ఓడిపోతే జెండా విప్పి, చాపలా చుట్టి, షట్టరు దించేసి వెళ్లిపోయేవాడు. ఆమె ఇదంతా గిన్నెలు తోముకుంటూ చూసేది. చూసి, మొహం కడుక్కుని, ఏమీ ఎరగనట్టు ముందు గదిలోకి వచ్చేది.

నోరు ఆమె అదుపులోనే ఉంది. చేతుల సంగతే ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు. ఓడిన రోజున, పాపం, ఈ మనిషి ఎంత ఆశగా వస్తాడో అనుకుంటూ, ఆయనకు ప్రాణమైన బంగాళాదుంప చిప్స్ చేసేది. దుంపల్ని అవతలి వెలుతురు కనిపించేంత పలచగా తరగాలి. ఉప్పునీళ్లలో నానెయ్యాలి. బట్ట మీద ఒక్కొక్కటీ పరిచి ఆరబెట్టాలి. సగం వేయించి తీసి, చల్లార్చి, మళ్లీ వేయించాలి. అంత ఓపిక జాలి ఉన్న రోజునే వస్తుంది. గెలిచిన రోజున ఆయన సంతోషానికి తన సాయం అక్కర్లేదు గనక, మూకుట్లో పల్లీలు పోసి, నాలుగు తిప్పులు తిప్పి, ఉప్పూ కారం చల్లి, ఒక్కోసారి కాస్త మాడ్చి కూడా, పళ్లెంలో పోసేది. డ్రా అయితే జాలి సగమే కాబట్టి మొక్కజొన్న పేలాలు.

ఇదంతా బయటపడింది సెమీఫైనల్ రోజున. డ్రైవరు స్నానం చేసి వచ్చి కూర్చున్నాడు. ఆమె పళ్లెం చేతికిచ్చింది. ఆయన అందులోకి చూశాడు. పల్లీలు. టీవీలో ఇంకా ఆటగాళ్లు వరసగా నిలబడి చేతులు కలుపుకుంటున్నారు. ఈయనకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఫైనల్‌కి వెళ్లాం" అన్నాడు.

"అన్నయ్యా, ఇంకా టాసే వెయ్యలేదు" అంది చెల్లెలు.

అప్పుడు దొంగతనం ఒప్పుకున్నట్టు అంతా చెప్పాడు. వానాకాలం నుంచీ గమనిస్తున్నాడట. చూడకూడదనే అనుకున్నాడట, కాని పళ్లెం వైపు చూడకుండా ఎలా తింటారు? పైగా చూడక్కర్లేదు కూడాను. వీధి మలుపు తిరగ్గానే మరిగే నూనె వాసన తగిలితే కాళ్లు బరువెక్కేవట. తిని బాగున్నాయి అంటూనే లోపల ఏడ్చేవాడట.

డ్రైవరు భార్య ఒప్పుకోలేదు. అదంతా కాకతాళీయం అంది. ఆరోజు దుంపలు మిగిలాయి, ఈరోజు నూనె అయిపోయింది అంది. అత్తగారు చెవిలో దూది తీసి, చేత్తో నలుపుతూ, ఒక్కో ఆటా వెనక్కి నెమరేసుకుంటూ వచ్చారు.

"మనవాళ్లు చిత్తుగా ఓడిన రోజున చిప్స్‌తో పాటు ఉల్లిపాయ చక్రాలు కూడా వేయించావు. గుర్తుందా? ఎవరైనా చుట్టాలొస్తున్నారేమో అనుకున్నాను."

"అత్తయ్యా, నేనొక్క మాటైనా అన్నానా?"

"నీ నోరు గట్టిదే అమ్మాయ్. నీ మూకుడే వాగుతోంది."

మర్నాడు పొద్దున్న డ్రైవరు స్కూటరు తుడుస్తూ, ఆమెను దగ్గరకు పిలిచి, మామూలుగా అడగని మనిషి, అడిగాడు. "ఫైనల్ ఒక్కటి నాకేమీ తెలియకుండా చూడాలనుంది. ఓడినా సరే. ఆఖరి విజిల్ దాకా గుండె గొంతులో కొట్టుకోవాలి. అంతే. ఈ ఒక్కసారి నీ చేతుల్ని కట్టేసుకో."

ఆమె మాటిచ్చింది. ఊరికే ఇవ్వలేదు, ఏర్పాట్లు కూడా ఆలోచించింది. ఫైనల్ రోజున మూడూ చేస్తానంది, చిప్స్, పల్లీలు, పేలాలు. మూడూ ఉంటే ఏదీ ఏమీ చెప్పదు. వంటింటి కిటికీకి కాగితం అతికిస్తానంది. సెలూన్ జెండా కనపడకపోతే ఆమెకే ఏమీ తెలియదు, తెలియని మనిషి చేతులు ఏం చెబుతాయి? ఆడపడుచు దుకాణం నుంచి గమ్ టేపు తెచ్చి, తానే దగ్గరుండి కాగితం అతికించింది. అతికించి, రెండడుగులు వెనక్కి వేసి చూసి, "వదినా, ఇప్పుడు నువ్వు కూడా మాలాంటిదానివే" అంది.

ఫైనల్ రోజు మధ్యాహ్నం ఇల్లు చడీచప్పుడూ లేకుండా ఉంది. ముందు గదిలో అత్తగారు దూది పెట్టుకుని కునుకు తీస్తున్నారు. ఆడపడుచు దూది పెట్టుకుని ఎవరిదో చొక్కాకి గుండీలు కుడుతోంది. వంటింట్లో డ్రైవరు భార్య దుంపలు తరిగి ఉప్పునీళ్లలో వేసి, బట్టలు ఉడకబెట్టే పెద్ద గిన్నెను పక్క పొయ్యి మీద పెట్టింది. పొరపాటంతా అక్కడ జరిగింది. గిన్నెలోంచి లేచిన ఆవిరి కిటికీ కాగితాన్ని మెత్తబరిచింది. టేపు పట్టు వదిలింది. ఆమె గరిటె కోసం తల తిప్పేసరికి కాగితం ఒక మూల నుంచి నాలుకలా వేలాడుతోంది. ఆ సందులోంచి సెలూన్ కనపడింది.

సెలూన్ ఆయన స్టూలు ఎక్కి జెండా విప్పుతున్నాడు.

ఆమె చూడకుండా ఉండాల్సింది. చూసింది. ఆయన జెండా చుట్టాడు, చంకలో పెట్టుకున్నాడు, షట్టరు దించాడు, తాళం వేశాక కూడా దాన్ని ఊరికే రెండుసార్లు లాగి చూశాడు. తర్వాత తల వంచుకుని వెళ్లిపోయాడు. ఎప్పుడు చుట్టినా ఆట అయిపోయాకే చుట్టే మనిషి. కాబట్టి ఆట అయిపోయింది. కాబట్టి ఓడిపోయాం.

ఆమె స్టూలు మీద కూలబడింది. ఎదురుగా గిన్నెలో దుంప చక్రాలు నీళ్లలో తేలుతున్నాయి, ఎన్నడూ లేనంత పలచగా, ఒక్కటి తెగకుండా, అన్నీ ఒకే అచ్చు పోసినట్టు. వాటిని చూస్తే ఆమెకే దిగులు పుట్టింది. మూడూ చేసి పెట్టినా, ఆ మనిషి వీటిలో ఒక్కదాన్ని వేళ్లతో పట్టుకుని దీపానికెదురుగా ఎత్తి చూస్తే చాలు, తెలిసిపోతుంది. పోనీ మందంగా తరుగుదామా? ఏమీ తెలియని మనిషి ఎంత మందంగా తరుగుతుంది? ఉప్పు ఎంత వేస్తుంది? ఇన్నేళ్లుగా ఏదీ కొలవకుండా వండిన మనిషి, చెంచాడు ఉప్పు పట్టుకుని, ఇది తెలిసి వేస్తున్న ఉప్పా తెలియక వేస్తున్న ఉప్పా అని నిలబడిపోయింది.

అప్పుడు ఆమెకొక ఆలోచన వచ్చింది. మంచి ఆలోచన కాదని తెలుసు, అయినా వచ్చింది. ఎలాగూ ఓడిపోయారు. ఆ బాధ ఆఖర్లో ఎలాగూ తప్పదు. కనీసం ఆ ఆఖరి దాకా ఆయన సంతోషంగా కూర్చోకూడదా?

కాగితాన్ని మళ్లీ అతికించి, ఈసారి నాలుగు పక్కలా టేపు దట్టంగా వేసింది. దుంపల గిన్నె మీద పళ్లెం మూసి, పప్పుల డబ్బాల వెనకాల దాచింది. దాన్ని పారెయ్యడానికి మనసొప్పలేదు. ఆట అయిపోయాక మనిషిని ఓదార్చడానికి ఏదో ఒకటి కావాలి కదా. తర్వాత దూది మళ్లీ చెవుల్లో కుక్కుకుని, పొగ లాగే ఫ్యాను వేసి, ఇనప మూకుట్లో పల్లీలు పోసి గలగలా తిప్పసాగింది. ఆ చప్పుడు మధ్య బయట ఏదో రభస లీలగా వినిపించింది. బస్‌స్టాపులో ఓడినవాళ్లు తిట్టుకుంటున్నారనుకుంది. పల్లీలు దింపేముందు, గెలిచిన రోజుల్లోలాగా, కొన్నిటిని కావాలనే మాడ్చింది.

అత్తగారు లేచి వంటింట్లోకి తొంగిచూశారు. పళ్లెంలో పల్లీలు తప్ప ఏమీ లేవు. "మూడూ చేస్తానన్నావుగా?" అన్నారు. గ్యాసు అయిపోవచ్చిందని ఈవిడ గొణిగింది. అత్తగారు ఒక మాడిన పల్లీ తీసి నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలారు. ఆవిడ మొహం మీద ముడతలన్నీ ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ముందు గదిలోకి వెళ్లి, కూతురి భుజం మీద చెయ్యి వేశారు. ఆ తర్వాత ఆడపడుచు గుండీలు కుడుతూ కూనిరాగం తీయడం మొదలుపెట్టింది.

డ్రైవరు చీకటి పడే వేళకి వచ్చాడు. అనుకున్న ప్రకారం కండక్టరు ఆయన్ని డిపోలో టైర్లు పెట్టే గదిలో కూర్చోబెట్టి, వీధుల్లో సందడి తగ్గాక గోదాముల వెనక సందులోంచి పంపించాడు. హెల్మెట్ తియ్యకుండానే ఇంట్లోకి వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా స్నానానికి వెళ్లి, తల వంచుకునే వచ్చి తన మూల కూర్చున్నాడు. పళ్లెం చేతికందింది. కిందికి చూశాడు.

ఆమె ఆయన్ని చూస్తోంది. ఆయన భుజాలు, పొద్దుటినుంచీ మోస్తున్న బస్తా దించినట్టు, కిందికి జారాయి. వెనక్కి వాలాడు. ఒక పల్లీ నోట్లో వేసుకున్నాడు.

"పెట్టవే టీవీ" అన్నాడు చెల్లెలితో, తీరుబాటుగా.

అంత హాయిగా ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఆట చూడలేదు. మొదటి భాగం సగంలో అవతలి జట్టు ఎర్రచొక్కాలవాళ్లు గోలు కొట్టారు. ఆడపడుచు "అయ్యో పాపం" అని గుండీ దారం కొరికింది. రెండో భాగం మొదట్లో ఇంకోటి కొట్టారు. డ్రైవరు చిరునవ్వు నవ్వాడు. వాళ్లూ కష్టపడి ఇంత దూరం వచ్చారు కదా, కాస్త సంతోషపడనీ అన్నాడు. మామూలు రోజుల్లో రెఫరీ వంశవృక్షమంతా తవ్విపోసే మనిషి, ఇవాళ ఎర్రచొక్కాల గోలు కాసే గోలీ దూకుడును మెచ్చుకున్నాడు. అత్తగారు గోలీకి ఎంత జీతం ఉంటుందో, పెళ్లయిందో లేదో కనుక్కున్నారు. పల్లీలు చేతులు మారుతున్నాయి.

డ్రైవరు భార్య మాత్రం ఒక్క పల్లీ ముట్టలేదు. ఆయన నవ్విన ప్రతిసారీ గోడ గడియారం చూస్తోంది. ఇంకెంతోసేపు లేదు. ఆ విజిల్ మోగగానే ఈ నవ్వు ఎలా చచ్చిపోతుందో ఆమె ఒక్కతే ముందే చూస్తోంది. మూడూ చేసి పెడితే పోయేది, నిజంగా మూడూ చేసి పెడితే పోయేది అనుకుంటోంది.

అప్పుడు నీలంచొక్కాలు ఒక గోలు కొట్టాయి. పోనీలే, పరువు దక్కింది అనుకుంది. మూలనున్న డ్రైవరు, "ఊఁ, మొదలైంది" అన్నాడు.

కాసేపటికి ఇంకో గోలు.

ఆమె లేచి నిలబడింది. సమానం ఎలా అవుతుంది? అయితే ఎర్రచొక్కాలు ఇంకోటి కొడతారన్నమాట. ఎప్పుడు? ఎవరు? ఎర్రచొక్కాల వాడెవడు బంతి తాకినా ఆమె కొంగు పిడికిట్లో నలిగిపోయింది. బంతి నీలం గోలు ముందు ఎగిరి పోలుకు తగిలి బయటికి పోయింది. ఇదే, ఇదే అనుకుని కళ్లు మూసుకుంది. తెరిచేసరికి బంతి అవతలి కొసన ఉంది. పొట్టివాడొకడు, ఆట మొత్తంలో ఎవరూ పట్టించుకోనివాడు, దాన్ని నుదుటితో నెట్టాడు. వల కదిలింది.

అరుపు ఎవరి గొంతులోంచి వచ్చిందో ఆమెకు తెలియదు. తర్వాత తెలిసింది, తనే అరిచింది. తనే సోఫా ఎక్కింది. పల్లీల పళ్లెం కాలు తగిలి గదంతా దొర్లింది. తను ఊపేస్తున్నది అత్తగారి భుజాలు. విజిల్ మోగింది. ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది, కిందికి దిగడం చేతకాక దిండు పట్టుకుని నిలబడింది.

మిగతా ముగ్గురూ కదల్లేదు. ముగ్గురూ ఆమెనే చూస్తున్నారు.

"వదినా, పల్లీలు చేసింది నువ్వే కదా?" అంది ఆడపడుచు.

డ్రైవరు మంచినీళ్ల కోసమని లేచి వంటింట్లోకి వెళ్లాడు. గ్లాసు కోసం పప్పుల డబ్బాలు జరిపిన చప్పుడయింది. తిరిగి వచ్చినప్పుడు ఆయన చేతిలో ఉప్పునీళ్ల గిన్నె ఉంది. అందులోంచి ఒక దుంప చక్రం తీసి దీపానికెదురుగా ఎత్తి పట్టుకున్నాడు. అవతలినుంచి బల్బు స్పష్టంగా కనపడుతోంది.

"ఇవెవరికి?"

ఆమె సోఫా దిగి, అంతా చెప్పింది. ఆవిరి, కాగితం, జెండా, షట్టరు. ఓడిపోయామనుకుని, ఆఖరి దాకా అయినా సంతోషంగా ఉంటారని పల్లీలు వేయించానంది. ఆడపడుచు పరుగున వెళ్లి కిటికీ కాగితం చింపింది. ఎదురుగా సెలూన్ షట్టరు సగం ఎత్తి ఉంది, జెండా మళ్లీ ఎగురుతోంది, కంగారులో తలకిందులుగా కట్టాడు. మనవాళ్లు రెండు గోల్స్ వెనకపడి ఉండగానే ఆయన భరించలేక కొట్టు కట్టేసుకుని వెళ్లిపోయాడన్నమాట. మొత్తం ఊళ్లో ఆ మూడు గోల్స్ చూడనివాడు ఆయనొక్కడే.

"ఆయనా, నేనూ" అన్నాడు డ్రైవరు.

గిన్నె బల్ల మీద పెట్టి కూర్చున్నాడు. కోపం లేదు గాని మొహంలో ఏదో పోగొట్టుకున్న దిగులుంది. "ఇన్నేళ్లు ఆగాను. రెండు గోల్స్ వెనకబడి గెలిచాం. ఇలాంటి ఆట మళ్లీ చూస్తానా? నేనేం చేశాను? పల్లీలు తిన్నాను. ఎర్రచొక్కాల గోలీ బాగున్నాడన్నాను."

"పెళ్లయిందా అని అడిగింది నేనురా" అన్నారు అత్తగారు, కొడుకు భారం కొంత పంచుకుంటున్నట్టు.

డ్రైవరు భార్య గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లి, నీళ్లు వంపి, చక్రాల్ని బట్ట మీద పరిచింది. పొయ్యి వెలిగించింది. నూనె కాగుతుండగా వెనక అడుగుల చప్పుడు వినపడింది. డ్రైవరు వచ్చి స్టూలు లాక్కుని, పొయ్యి పక్కన కూర్చున్నాడు.

"ఆ మొదటి గోలు పడ్డప్పుడు నీకేమనిపించింది?"

"పరువు దక్కిందనుకున్నానండీ."

"అంతేనా? సరిగ్గా చెప్పు. మొదటినుంచీ చెప్పు. జెండా చుట్టిన కాడినుంచి చెప్పు."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. కొంగు నలిపిన సంగతి చెప్పింది. పోలుకు తగిలిన బంతి సంగతి చెబుతూ జల్లిగరిటెతో అది ఎగిరిన దారి చూపించింది. ఆయన ముందుకు వంగాడు. ఆయన పిడికిళ్లు బిగుసుకున్నాయి. గోలు దాకా వచ్చేసరికి ఆమె గరిటె పైకెత్తి నిలబడిపోయింది. ఆయన స్టూలు మీదినుంచి లేచి, వీధంతా పడుకోబోయే వేళకి ఆ ఇంట్లోంచి రావలసిన రెండో కేక వేశాడు. ముందు గదిలో అత్తగారు ఉలిక్కిపడి, ఇప్పుడేం పడిందని అడిగారు.

మూకుట్లో చిప్స్ మాడిపోయాయి. ఆ ఇంట్లో చిప్స్ మాడడం అదే మొదలు. ఆమె తీసి పారెయ్యబోతే డ్రైవరు పళ్లెం లాక్కుని, నల్లగా ఉన్నవాటినే ముందు ఏరుకుని తిన్నాడు.

"ఇక ఇవి గెలిచిన రోజువి కూడాను" అన్నాడు నములుతూ. "వచ్చే ఏడు నువ్వేం వండినా నాకేం తెలియదు."

"నాక్కూడా" అంది ఆమె, ఆ మాట నిజం కావాలని మనసులో గట్టిగా అనుకుంటూ. ఎదురుగా కిటికీలోంచి సెలూన్ ఆయన తలకిందుల జెండాను సరిచెయ్యడం కనపడితే, ఆడపడుచు చింపేసిన కాగితం ముక్కను తీసి అడ్డం పెట్టుకుంది.